కుడిపక్క ఫుట్‌రెస్టు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. గౌరవం కూడా లేదు. చిన్నప్పుడు సమాధుల దొడ్డిని ఆనుకుని ఉన్న తోటలో పచ్చి మామిడికాయలు కోసుకుని, అక్కడే ఒక సమాధి మీద కూర్చుని తిన్నవాణ్ణి. ఏ దయ్యమైనా ఎదురుపడి ఉంటే ఇంత ఉప్పూ కారం తెచ్చిపెట్టమని పురమాయించి ఉండేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నేను ఏది చెప్పినా కాస్త పెంచి చెబుతానని తెనాలిలో నాకు పేరుంది. వీధిలో నాలుగు చినుకులు పడితే నా నోట్లో అది తుఫాను. మా ఆవిడ సుగుణ నా మాటలో సగం కోసేసి, మిగిలిన సగాన్ని ఇంకొకరిని అడిగి ఖాయం చేసుకుంటుంది. అందుకని ఇక్కడ రాసేదాన్ని నేనే ముందుగా కోసి, చెరిగి, ఎండబెట్టి తెచ్చాను. మీరు మళ్ళీ కోయక్కర్లేదు.

మా బండిని పెళ్ళయిన కొత్తలో బాపట్లలో కొన్నాం. కొన్నప్పుడు నల్లరంగు. తర్వాత్తర్వాత ఏ రంగో చెప్పడానికి పెద్దమనుషులు కూర్చోవాల్సి వచ్చేది. దాని చప్పుడు విని రేపల్లె పాసింజరు వస్తోందనుకుని గేటుమాన్ గేటు వేసేశాడని నేను చాలామందికి చెప్పాను. గేటు వేసిన మాట నిజం. మా బండిని విని వేశాడా, రైలును విని వేశాడా అన్నది నేను విచారించలేదు.

అప్పట్లో మేం రేపల్లెలో ఉండేవాళ్ళం. సుగుణ భట్టిప్రోలు స్కూల్లో టీచరు. రోజూ పొద్దున ఆమెను బండి మీద దింపడం, సాయంత్రం తీసుకురావడం నా పని. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఆడవాళ్ళందరూ బండి మీద కాళ్ళు ఎడమపక్కకు పెట్టుకుని కూర్చుంటారు. సుగుణకు చిన్నప్పుడే ఎడమ మోకాలు దెబ్బతింది. అది సరిగ్గా మడత పడదు. అందరిలాగా కూర్చుంటే నరకం. కుడిపక్కకు తిరిగి కూర్చుంటే ఆ కాలు ముందుకు చాపుకోవచ్చు. కానీ కుడిపక్క సైలెన్సరు కాలిపోతూ ఉంటుంది, కాలు పెట్టుకోవడానికి ఆసరా ఉండదు.

రేపల్లెలో గేట్లు, కిటికీలు చేసే వెల్డరు దగ్గరికి బండి తీసుకెళ్ళాను. కుడిపక్కకే కావాలా అని అతను మళ్ళీ మళ్ళీ అడిగాడు. నాకేదో మతి తప్పిందనుకున్నాడు. చివరికి ఒక పాత కిటికీ గ్రిల్లు ముక్క కోసి, సైలెన్సరుకు పైన ఫుట్‌రెస్టు బిగించాడు. ఆ గ్రిల్లులో పువ్వు డిజైను ఉండేది. కోతలో సగం పువ్వు పోయింది, సగం మిగిలింది. ఆ సగం పువ్వు మీద కాళ్ళు పెట్టుకుని సుగుణ ఊళ్ళు తిరిగింది.

ఎదురొచ్చేవాళ్ళు నా ముఖం చూసేవాళ్ళు కాదు. ఆమె కాళ్ళు ఎటున్నాయో చూసి, ఫలానావాళ్ళని గుర్తుపట్టేవాళ్ళు. ఆమె నా భుజం మీద చెయ్యి వేసేది కాదు. నడుం దగ్గర నా చొక్కాను రెండు వేళ్ళతో, చీమను పట్టుకున్నట్టు పట్టుకునేది. దారి పొడుగునా చెబుతూ ఉండేది. ఏమండీ గేదెలు. ఏమండీ గుంట. ఏమండీ ఆటో. నాకున్న హారను అదే.

తర్వాత తెనాలికి మారాం. ఆమెకు ఇక్కడి స్కూలు, నాకు ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా పని. బండి మాత్రం మాతోనే ముసలిదైంది.

పోయిన కోతలప్పుడు ఒకరోజు ఒంటరిగా వస్తూ, వేమూరు దాటాక రోడ్డు మీద ఆరబోసిన ధాన్యంలోకి నేరుగా వెళ్ళిపోయాను. నేను చెప్పే పద్ధతిలో అయితే రైతులు నన్ను పారలతో తవ్వి తీశారు. నిజానికి చెయ్యి పట్టుకుని లేపి, ముందు ధాన్యం దులుపుకున్నారు, తర్వాత నన్ను దులిపారు. రాశి కుడిపక్కన ఉందట. నాకు కనిపించనే లేదు. కంటి డాక్టరు పరీక్ష చేసి, కుడికంట్లో పక్కచూపు పోయిందని, అది తిరిగి రాదని చెప్పాడు. ఆ సాయంత్రమే సుగుణ నాచేత బైబిలు మీద చెయ్యి వేయించి, ఇక బండి ముట్టుకోనని ప్రమాణం చేయించింది. మాది ముత్తాతల నాటినుంచీ లూథరన్ చర్చి కుటుంబం. నేను దేని గురించైనా కోతలు కోస్తాను గానీ ఆ పుస్తకం మీద చెయ్యి వేసి కోయను. సుగుణకు కూడా ఆ ఒక్క విషయంలోనే నా మీద పూర్తి నమ్మకం.

దాంతో బండి అమ్మేశాం. కొన్నాయన రేపల్లెలో బేకరీ నుంచి రస్కులు, బన్నులు తీసుకెళ్ళి చుట్టుపక్కల ఊళ్ళలో కొట్లకు వేసే శ్రీను. నలభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. ఇంట్లో అతనూ, వాళ్ళ నాన్నా. బండి చూడటానికి వచ్చినప్పుడు కారంచేడు నుంచి మా బాబాయి కూడా వచ్చి ఉన్నాడు. మా బాబాయి జీవితమంతా గేదెలు కొనడం, అమ్మడం. గేదెను అమ్మేవాడు పలుపుతాడు ఇవ్వకూడదని, తాడు విప్పి ఇంట్లో ఉంచుకోవాలని, కొన్నవాడు తన తాడు తెచ్చుకుని కట్టుకోవాలని మా వైపు పద్ధతి. తాడు కూడా పోతే ఇంట్లో పాడి పోతుందంటారు.

"బండైనా గేదెయినా ఒకటేరా," అన్నాడు బాబాయి. "పలుపు మనింట్లో ఉండాలి."

ఇలాంటివి పాస్టరుగారి చెవిన పడితే బాగుండదని సుగుణ అంది. శ్రీను మాత్రం ఫుట్‌రెస్టు వైపు చూసి, "ఇది తీసేసుకోండి సార్. నా వెనకాల ఆడాళ్ళెవరూ ఎక్కరండి, రస్కులే ఎక్కుతాయి," అన్నాడు. అలా బోల్టులు ఊడదీసి దాన్ని ఉంచుకున్నాం. పలుపు కోసమా, శ్రీనుకు అక్కర్లేకనా అన్నది ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చెప్పుకున్నాం. వరండాలో మేకుకు తగిలించాను. బండి వీధి మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గర నిలబడి చూశాను. సుగుణ చూడలేదు. లోపల ఏదో గిన్నె తోముతోంది. అప్పటికే తోమిన గిన్నె అది.

తర్వాత కొన్ని వారాలకు, ఒక సోమవారం, భట్టిప్రోలులో సుగుణతో పనిచేసి రిటైరైన మార్తమ్మ టీచరు ఫోను చేశారు. స్పీకరులో ఉంది కాబట్టి నేనూ విన్నాను.

"ఏమే సుగుణా, నిన్న మా వీధిలోంచే పోతూ గుమ్మం తొక్కకుండా పోతావా?"

"నేను రాలేదక్కా. నిన్న మధ్యాహ్నం ఇంట్లోనే పడుకున్నాను."

మార్తమ్మగారు సరేలే అని పెట్టేశారు.

సుగుణ అన్నం వడ్డించి, మజ్జిగ పోసి, నేను చెయ్యి కడుక్కునేదాకా ఆగి అడిగింది. "ఏమండీ, బండి అమ్మారా, దాచిపెట్టమని ఇచ్చారా?"

ఆమె లెక్క నాకు అర్థమైంది. బండి భట్టిప్రోలులో కనిపించింది. నడిపింది నేనైతే ప్రమాణం తప్పినట్టు. వెనకాల ఉన్నది తను కాదు కాబట్టి ఇంకెవరో. ఒక్క ఫోనుతో బైబిలూ పోయింది, కాపురమూ పోయింది. ఆదివారం మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నాను. చర్చి నుంచి వచ్చి, కోడికూరతో భోంచేసి, పడకకుర్చీలో పేపరు చదువుతూ కూర్చున్నాను. దానికి సాక్షి సుగుణ ఒక్కతే. ఆ సాక్షి గుర్రుపెట్టి నిద్రపోతోంది.

మామూలుగా అయితే నేను ఇలాంటిదాన్ని నాలుగు జోకులతో దాటేస్తాను. ఆరోజు ఒక్కటీ నోటికి రాలేదు. ఎన్నో ఏళ్ళుగా సగం కోసి వింటున్న మనిషి ఈసారి మొత్తం కోసేసింది.

మరుసటి ఆదివారం సాయంత్రం వరండాలోకి వెళ్ళి చూద్దును కదా, మేకుకున్న ఫుట్‌రెస్టు కింద నేల మీద బురద బొట్లు. ముట్టుకున్నాను. సగం పువ్వు సందుల్లో తడి నల్లమట్టి, అందులో ఒక గడ్డిపోచ. ఇనుము గోరువెచ్చగా ఉంది. ఆ వరండాలో మధ్యాహ్నం తర్వాత ఎండ పడదు. తెనాలిలో ఆ నెలంతా చినుకు లేదు.

నాకు వెంటనే మా బావమరిది మీద అనుమానం వచ్చింది. ఏసుదాసు, బాపట్లలో ఉంటాడు, అచ్చం నాలాంటివాడే. పోయినేడు రామాపురం ఒడ్డుకు తిమింగలం కొట్టుకొచ్చిందని ఫోను చేసి అతన్ని కుటుంబంతో సహా పరుగెత్తించాను. దానికి బదులు తీర్చుకుంటున్నాడని తేల్చుకున్నాను. ఫోను చేసి మంచిగా అడిగాను, తిట్టి అడిగాను. "బావా, నీకు బురద పూయడానికి బాపట్ల నుంచి రావాలా? అక్క అక్కడే ఉందిగా," అన్నాడు.

దాంతో సుగుణ మీద అనుమానం వచ్చింది. నా గుట్టు బయటికి లాగడానికి ఆమే పూసి పెడుతోందా? ఆ పై ఆదివారం భోజనం కాగానే వరండా అంతా ముగ్గుపిండి జల్లి, కుర్చీలో కూర్చుని మంచం మీది మనిషిని కాపలా కాశాను. ఆమె మేలుకునేదాకా కదల్లేదు, ఆమెనూ కదలనివ్వలేదు. లేచి చూస్తే ముగ్గుపిండి మీద పిల్లి అడుగులు తప్ప ఏమీ లేవు. ఫుట్‌రెస్టు మీద తడి మట్టి ఉంది. కాసేపు పిల్లిని కూడా అనుమానించాను.

సుగుణకు చూపించాను. ఆమె మట్టిని వేలితో తీసి చూసి, అది కాలవగట్టు మట్టి అంది. "మీరే తెచ్చి పూసుంటారు. మీకు ఇలాంటివి కొత్తా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక లాభం లేదని శనివారం ఇద్దరం రైలెక్కి రేపల్లె వెళ్ళాం. శ్రీను ఎదుటే తేల్చేస్తానని నా ధీమా. బండి అతని దగ్గర ఉంది. భట్టిప్రోలులో తిరిగింది అతనే అయి ఉంటాడు. వెనకాల ఎవరో బంధువులావిడ. అయిపోయింది, మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు.

బండిని చూడగానే నా ధీమా సగం దిగింది. వెనక సీటు లేదు. ఆ చోట పెద్ద రేకుపెట్టె, బోల్టులతో బిగించేసి ఉంది. మనిషి కాదు కదా, పిల్లి కూర్చోవడానికి కూడా చోటు లేదు. కొన్న మర్నాడే బిగించానని శ్రీను చెప్పాడు. పైగా ఆదివారం బేకరీ సెలవు. బండిని కిటికీ ఊచకు గొలుసుతో కట్టి తాళం వేస్తాడట.

అంతవరకూ చెప్పి ఆగాడు. మా ఇద్దరి ముఖాలూ చూసి, తల గోక్కుని, చివరికి అన్నాడు.

"తప్పుగా అనుకోకండి సార్. సోమవారం పొద్దున చూస్తే పెట్రోలు తగ్గుతోందండి. చక్రాలకి తడి మట్టి ఉంటోంది. మీ దగ్గర ఇంకో తాళంచెవి ఉందేమో, ప్రేమకొద్దీ వచ్చి ఒక రౌండు వేసుకెళ్తున్నారేమో, పోనీలే పెద్దాయన అనుకుని ఊరుకున్నానండి."

నేను ఇచ్చిన రెండు తాళంచెవులూ అతని మొలతాడుకే ఉన్నాయి. గొలుసు తాళం నేనెప్పుడూ చూడనిది. ఆ మాటలు నేను చెబుతుంటే సుగుణ వినడం లేదు. ఆమె నన్ను చూస్తున్న చూపులో పెద్దాయన అనే మాట ఒక్కటే తిరుగుతోంది.

తిరుగు ప్రయాణంలో భట్టిప్రోలులో దిగాం. దిగుదామని ఆమే అంది. నాకు తీర్పు అక్కడ చెబుతారని అర్థమైంది.

మార్తమ్మగారు టీ ఇచ్చారు గానీ ముఖం ఇవ్వలేదు. నన్ను బ్రదర్ అని పలకరించి, సుగుణను అసలు పలకరించలేదు. సుగుణ అదేమీ పట్టించుకోకుండా, ఆరోజు బండి వెనకాల ఉన్నావిడ ఎలా ఉంటుందో చెప్పమంది. దాచకుండా చెప్పమంది. పేరు తెలిసినా చెప్పమంది.

మార్తమ్మగారు గ్లాసు కింద పెట్టారు.

"ఇదేం నాటకమే? నువ్వేగా."

ఆవిడే కోపంగా చెప్పుకుపోయారు. హెల్మెట్టు వల్ల ముందున్న మనిషి ముఖం కనబడలేదు గానీ, వెనకాల ఉన్నది సుగుణేనట. కాళ్ళు కుడిపక్కకు పెట్టుకుని ఉందట. ముందాయన చొక్కాను రెండు వేళ్ళతో పట్టుకుందట. అంచు లేని నీలం చీర. ఆ ఆదివారం సుగుణ చర్చికి కట్టుకెళ్ళింది ఆ చీరే. పిలిస్తే తిరిగి చూసి, నవ్వి, చెయ్యి ఊపి మరీ వెళ్ళిందట. తర్వాత ఫోనులో రాలేదంటే, తన ఇంటికి రావడం ఇష్టం లేక అబద్ధమాడిందని ఈవిడ కష్టపెట్టుకున్నారు.

రేకుపెట్టె గురించి నేను అడిగాను.

"పెట్టేంటి బ్రదర్? సీటుంది. కాళ్ళ కింద ఆ పువ్వు ముక్క కూడా ఉంది."

ఆ పువ్వు ముక్క అప్పటికి కొన్ని వారాలుగా మా మేకుకు వేలాడుతోంది.

రైల్లో సుగుణ కిటికీ పక్కన కూర్చుంది. నేను గెలిచినట్టే. ప్రమాణం తప్పలేదు, వేరే ఆడమనిషి లేదు. అయినా గెలిచిన సంబరం ఎక్కడా రాలేదు. వేమూరు దాటాక, నా వైపు చూడకుండానే చెప్పింది. ఆదివారాలు మధ్యాహ్నం పడుకుని లేచేసరికి రెండు పాదాలూ తిమ్మిరెక్కి ఉంటున్నాయట. చాలా దూరం బండి మీద వెళ్ళి దిగితే ఉంటుందే, ఆ తిమ్మిరి. తలలో దుమ్ము. మోకాలు మాత్రం ఆ సాయంత్రమంతా నొప్పి లేదట. కలలేమైనా వస్తున్నాయా అని అడిగాను. ఏమీ గుర్తుండదంది.

"మరి నాతో చెప్పలేదేం?"

"చెబితే మీరు ఊరంతా తిమింగలం చేస్తారు."

కిటికీలోంచి బయటికి చూస్తూ మళ్ళీ అంది. "మీ కంటి కోసం అమ్మమన్నానండి. నా కాళ్ళని అడిగిందెవరు?"

ఇంటికి రాగానే బాబాయికి ఫోను చేశాను. జరిగింది చెబితే, పెంచింది ఎంత అని అడిగాడు. ఏమీ లేదన్నాను. చాలాసేపు ఆలోచించి, పలుపు ఇచ్చేయమన్నాడు. పలుపు కూడా ఇచ్చేస్తే గేదె ఇక వెనక్కి తిరిగి చూడదట. నాకూ అదే మంచిదనిపించింది. నిజం చెప్పాలంటే అప్పటికి అనుమానం నా వంతుకు వచ్చింది. హెల్మెట్టు పెట్టుకున్న ఆ మగమనిషెవరు? ఇన్నాళ్ళూ నా వెనకాల కూర్చున్న మనిషి ఎవడి చొక్కా పట్టుకుని ఊరేగుతోంది? మార్తమ్మగారు ఆయన ముఖం చూడలేదు. నేను ఇది ఎవరినీ అడగలేను.

ఫుట్‌రెస్టును మేకు నుంచి తీసి, పాత పేపరులో చుట్టి, శ్రీనుకు పంపుదామని గోతంతాడు వెతుకుతున్నాను. సుగుణ వచ్చి పొట్లం విప్పింది. పమిట చెంగుతో పువ్వు సందులు తుడిచి, మళ్ళీ మేకుకు తగిలించింది.

"ఉండనివ్వండి," అంది. "పెట్రోలుకి శ్రీనుకి ఏదో ఒకటి సర్దుదాం."

అంతే. ఆ తర్వాత దాని గురించి మేం మాట్లాడుకోలేదు. పెట్రోలు తగ్గిందా అని సోమవారాలు శ్రీనుకు ఫోను చేస్తుండేవాణ్ణి, అదీ మానేశాను. బురద ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు ఉండదు.

పోయిన ఆదివారం సంగతి చెప్పి ముగిస్తాను. భోజనమైంది. సుగుణ గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఎప్పటిలాగే పడకకుర్చీలో, చేతులు రెండూ కుర్చీ చేతుల మీద చాపి కూర్చున్నాను. ఒళ్ళో పేపరు ఉంది గానీ చదవడం లేదు. ఆమెనే చూస్తున్నాను. నిద్రపోవడం లేదు. ఇది మీరు నమ్మాలి. వీధిలో ఐసు బండివాడి గంట వినిపిస్తోంది, వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

సుగుణ నిద్రలోనే అంది.

"ఏమండీ, మెల్లగా. కుడిపక్క మొక్కజొన్న ఆరబోశారు."

ఈ నెలలో భట్టిప్రోలు రోడ్డు మీద ఆరబోసేది మొక్కజొన్నే.

మాట పూర్తయ్యేలోపే నా కుడిచెయ్యి, నేను చెప్పకుండానే, కుర్చీ చెక్కను గట్టిగా పట్టుకుని ముందుకు తిప్పి యాక్సిలేటరు తగ్గించింది. కాలు బ్రేకు తొక్కింది. నడుం దగ్గర చొక్కా కొంచెం లాగినట్టయింది.

వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే బండి అదుపు తప్పుతుందేమోనని భయం వేసింది. కుర్చీలో కూర్చున్న మనిషికి అలా ఎందుకు అనిపించాలో నాకు ఇప్పటికీ తెలియదు.